పోయొస్తానన్న దొరసాని

...అసలు మనిషి కనిపించకుండా పోయిన గదిలో ఎక్కువసేపు కూర్చోకూడదు, కూర్చుంటే ఆ గది మెల్లగా మనదైపోతుంది, కుర్చీ మన నడుముకి అలవాటు పడుతుంది, కిటికీలోంచి కనిపించే పడవలు మన పడవలైపోతాయి, వెతకాల్సిన మనిషి సంగతి మరిచిపోయి మనల్ని మనమే వెతుక్కుంటూ ఉండిపోతాం అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్ ఏకాంబరం. అనుకుని కూడా లేవలేదు. లేవడానికి ఒక కారణం కావాలి. ఈ మధ్య అతనికి ప్రతి పనికీ ఒక కారణం, ఆ కారణానికి ఇంకో కారణం కావలసి వస్తోంది.

"కాఫీ చల్లారిపోతోందయ్యా," అంది గుమ్మంలో నిలబడ్డ అంజలాక్షి. మేడ మీది ఈ గది ఆమెదే. కింద ఆమె, ఆమె చేపల గంపలు. మీద ఎనిమిదేళ్ళుగా ప్రతి చలికాలమూ ఫ్రాన్సునించి వచ్చి దిగే డ్రాయింగు టీచరు ఒడిల్. మామల్లపురంలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ దొరసానే. పొద్దున్నే గొడుగేసుకుని ఏదో ఒక గుడి ముందు కూర్చుని రాళ్ళ బొమ్మలు గీస్తుంది, సాయంత్రం అంజలాక్షి వండిన చేపల పులుసు తింటుంది. మొన్న మధ్యాహ్నం బయటికెళ్ళిన మనిషి తిరిగి రాలేదు.

ఏకాంబరం కాఫీ ఒక గుక్క తాగి గది వైపు మళ్ళీ చూశాడు. చాప, మంచం, తాడు మీద రెండు నూలు గౌన్లు. పసుపు గుడ్డసంచి లేదు, గొడుగు లేదు. నీళ్ళకుండ పక్కన తడిగుడ్డలో చుట్టిన చిన్న సీసా ఒకటి ఉంది.

"ఇదేంటమ్మా?"

"కంటిమందయ్యా. చల్లగా ఉంచాలంట. రాత్రి పడుకోబోయే ముందు నేనే వేస్తా. ఆమె వేసుకుంటే చుక్క చెంప మీద పడుద్ది. వెయ్యకపోతే కళ్ళలో పోటెక్కి తలబద్దలవుద్ది. రెండు రాత్రులైంది, ఎవరేశారో ఏమో."

"ఊరెళ్తే తీసుకెళ్తుందా?"

"కాంచీపురం పోయినా తీసుకెళ్తుంది. చెప్పులైనా మరిచిపోద్దిగానీ దాన్ని మరవదు."

"ఈ మధ్య ఎవరితోనైనా గొడవా?"

అంజలాక్షి కొంగుతో మెడ తుడుచుకుంది. "గొడవని చెప్పలేనుగానీ, మొన్న అన్నం తింటా ఒక మాటంది. 'ఒకడు రాయిచేత అబద్ధం చెప్పిస్తున్నాడు అంజలా, చెన్నై పోయి చెప్పేస్తా' అని. రాయి అబద్ధం చెప్పడమేంటని నవ్వేశా. ఆమె మాటలన్నీ అట్లాగే ఉంటాయిగా. ఇంట్లోంచి కాలు బయటపెడితే 'పోతున్నా' అంటుంది. అట్లా అనకూడదమ్మా, 'పోయొస్తా' అనాలని ఎనిమిదేళ్ళుగా మొత్తుకుంటున్నా. వింటేగా! 'పోవడం నాకు తెలుసు, వస్తానో రానో తెలీదు, తెలిసిందే చెప్తా' అంటుంది. బజార్లో మగాళ్ళు ఆటపట్టిస్తారు, 'దొరసాని పోతోందిరా, నలుగురొచ్చి ఎత్తండ్రా' అని. మొన్న మధ్యాహ్నమూ ఈ గడపలోనే అంది, 'అంజలా, పోతున్నా'. నేను గంప కడుక్కుంటూ తిట్టా. అదే ఆఖరి మాటయ్యా, తిట్టు."

ఏకాంబరం ఏదైనా అనాలి. ఇట్లాంటప్పుడు అనే మాటలు అతని దగ్గర చాలా ఉండేవి, వాడి వాడి అరిగిపోయాయి. కంటిమందు సీసా జేబులో వేసుకుని లేచాడు.

మెట్ల కింద పుగళేంది నిలబడి ఉన్నాడు. జిల్లా క్రైం బ్రాంచిలో ఇన్‌స్పెక్టరు. ఏకాంబరం కంటే పన్నెండేళ్ళు చిన్న, రెండింతల చురుకు, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా, మాటిమాటికీ సర్దుకునే కాలరు.

"ధ్యానం అయిందా అన్నా? అయితే కేసు కూడా అయిపోయింది. ఫోను కంపెనీవాళ్ళు చెప్పారు. మొన్న సాయంత్రం ఆరింటికి దొరసాని ఫోను కల్పాక్కం దాటింది, ఏడింటికి మరక్కాణంలో ఉంది, ఆ తర్వాత చార్జి అయిపోయినట్టుంది. అంటే పాండిచ్చేరి బస్సు. అక్కడ వాళ్ళ దేశంవాళ్ళు వీధికి పదిమంది. ఎవరింట్లోనో వైన్ తాగుతూ ఉంటుంది. ఎక్కుతుంటే చూసినవాడు కూడా దొరికాడు. శిల్పాలమ్మే వరదప్పన్."

"ఫోను వెళ్ళిందంటే మనిషి వెళ్ళినట్టేనా?"

"ఫోనుకి కాళ్ళున్నాయా?"

"బస్సుకి చక్రాలున్నాయిగా తమ్ముడూ."

పుగళేంది నవ్వాడు. "సముద్రంలో వెతుకుతున్న పడవల వాళ్ళని వెనక్కి పిలిచేశా. సాయంత్రానికి రిపోర్టు పంపేస్తా, తన ఇష్టప్రకారం ఊరు విడిచి వెళ్ళిందని. ఈలోపు నీకేమైనా దొరికితే చెప్పు."

సాయంత్రానికి. ఆ మాట ఏకాంబరం బుర్రలో ఎక్కడో తగులుకుంది. రిపోర్టు వెళ్ళాక ఇక ఎవరూ వెతకరు. ఆమె పాండిచ్చేరిలో లేకపోతే, ఈ పంగుని నెల ఎండలో ఇంకెక్కడో ఉంటే, ఈ సాయంత్రం దాటితే తనొక్కడే మిగులుతాడు. తనొక్కడంటే ఎంత అన్నది అతనికి బాగా తెలుసు.

వరదప్పన్ శిల్పశాల పంచరథాలకు వెళ్ళే దారిలో ఉంది. ఆవరణంతా వినాయకులు, బుద్ధులు, సగం చెక్కిన ఏనుగులు. ఉలి చప్పుడు ఒక లయలో పడుతోంది. యాత్రికుల బస్సొకటి రోడ్డుమీద ఆగి, జనాన్ని కక్కి, హారన్ కొట్టుకుంటూ నీడ కోసం పోయింది. వరదప్పన్ యాభై దాటిన మనిషి. తెల్లటి పంచె, విభూతి, చొక్కా మీద రాతిధూళి రవ్వంత లేదు. చెక్కేవాళ్ళు వేరు, అమ్మేది అతను.

"రండి సార్, కూర్చోండి. ఎళనీర్ బోండాం కొట్టించనా?"

"వద్దు. మొన్న దొరసానిని ఎప్పుడు చూశారు?"

"అయిదు, అయిదుంబావు మధ్య సార్. బస్టాండులో. నేను చెంగల్పట్టునించి రావాల్సిన పార్సిలు కోసం నిలబడ్డా. పసుపు సంచి భుజాన, గొడుగు మడిచి చంకలో. నన్ను చూసి నవ్వింది. పాండిచ్చేరి బస్సు కదులుతుంటే పరిగెత్తింది. కండక్టరు విసుక్కున్నాడు, 'ఈ వయసులో ఈ పరుగేంటమ్మా' అని. ఎక్కి ఫుట్‌బోర్డు మీదనించి నా వైపు తిరిగి, 'వరదప్పా, పోయొస్తా' అని చెయ్యూపింది. అంతే సార్. తర్వాత నేను చూళ్ళేదు."

"ఎనిమిదేళ్ళ పరిచయమా?"

"మొదటి ఏడాదినించీ ఎరుగుదును. నా దగ్గర కూర్చుని బొమ్మలు గీసేది. కళ్ళకి పొర పట్టింది పాపం, అయినా వేలితో తడిమి చెప్పేది, ఈ చెయ్యి ఎవరు చెక్కారు, ఆ చెయ్యి ఎవరు చెక్కారు అని."

చెప్పేటప్పుడు అతను రుమాలుతో పెదాలు అద్దుకున్నాడు. పుగళేంది 'విన్నావా' అన్నట్టు ఏకాంబరం వైపు చూశాడు. ఏకాంబరం మాత్రం గోడవారన ఉన్న చిన్న నంది ముందు చతికిలబడ్డాడు. నిజానికి అతనికి కాళ్ళు పీకుతున్నాయి, నంది ఒక వంక. నంది నల్లబడి, మూతి అరిగి, వెయ్యేళ్ళ నాటిదానిలా ఉంది. పీఠం అంచున పడవల అడుగున పట్టేలాంటి తెల్లటి గుల్లలు కరుచుకుని ఉన్నాయి.

"ఇదెప్పటిది?"

"పోయిన ఆవణి నెలలో చెక్కించింది సార్." వరదప్పన్ నవ్వాడు. "పాతగా ఉంటేగానీ కొననివాళ్ళు కొందరుంటారు. ఉప్పునీళ్ళలో నానబెడతాం. అదేమీ నేరం కాదుగా?"

"పాతదని చెప్పి అమ్మితే నేరం."

"మేం చెప్పం సార్. వాళ్ళే అనుకుంటారు. అనుకోవద్దని ఎట్లా చెప్తాం?"

"రాయి చెప్తుందన్నమాట, మీ బదులు."

వరదప్పన్ నవ్వు పెదాల మీదే ఉంది, కళ్ళలో మాత్రం లేదు. "దొరసాని కూడా ఇట్లాగే మాట్లాడేది," అన్నాడు.

"ఎక్కడ నానబెడతారు?"

"అక్కడా ఇక్కడా సార్. సముద్రానికేం తక్కువ?"

సముద్రంలో అలలుంటాయి. అలల్లో పెట్టిన నందిని ఇసుక మింగేస్తుంది. గుల్లలు ఇంత నెమ్మదిగా, ఒకదాని పక్కన ఒకటిగా పట్టాలంటే కదలని ఉప్పునీళ్ళు కావాలి. ఈ ఆలోచన రావడానికి వచ్చిందిగానీ, దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో ఏకాంబరానికి తెలియలేదు. నీరసంగా లేచాడు.

రోడ్డు దాటి టీకొట్టు బల్ల మీద కూర్చున్నారు. గైడు ఒకతను కర్ర ఊపుతూ పాతికమందిని తరుముకొస్తున్నాడు. "త్వరగా త్వరగా, ఈ భీముడి రథం చూసేసి సముద్రతీరం గుడికి పోవాలి, మీ మెప్పు కోసం భీముడు ఎదురు చూస్తాడా!"

"నంది మీద గుల్లల్ని పట్టుకుని కూర్చుంటావా అన్నా?" అన్నాడు పుగళేంది. "నకిలీ విగ్రహాల కేసు వేరే పెట్టుకుందాం. సాక్షి ఉన్నాడు, ఫోను ఉంది. నీ దగ్గరేముంది?"

"కంటిమందు."

"పాండిచ్చేరిలో మందుల షాపులు లేవా?"

ఏకాంబరం టీ ఒక గుక్క తాగాడు. నిజం చెప్పాలంటే పుగళేంది చెప్పింది నమ్మేస్తే హాయిగా ఉంటుంది. ఇంటికి పోయి, స్నానం చేసి, ఫ్యాను కింద పడుకోవచ్చు. నమ్మడానికి అతని ఒళ్ళంతా సిద్ధంగా ఉంది, లోపలేదో ఒక్కటి మాత్రం గొంతులో చేపముల్లులా అడ్డం పడుతోంది. అదేమిటో కనిపించడం లేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. టీకొట్టాయన వైపు చూడకుండానే, "పోయొస్తానయ్యా," అన్నాడు.

అని, అక్కడే నిలబడిపోయాడు.

ఆ మాట తను అనలేదు. అదే వచ్చింది. నాలుగేళ్ళప్పుడు ఒకసారి 'అమ్మా, పోతున్నా' అని గుమ్మం దిగితే అమ్మ నోటి మీద ఒక్కటిచ్చింది. అప్పటినించి ఆ మాట అతని ప్రమేయం లేకుండా తనంతట తనే తిరిగి వస్తోంది. ఈ ఊళ్ళో అందరి నోళ్ళూ అంతే. ఒక్క నోరు తప్ప.

"తమ్ముడూ, ఫుట్‌బోర్డు మీద నిలబడి దొరసాని ఏమందని చెప్పాడు?"

"పోయొస్తానంది."

"ఆమె ఎప్పుడూ ఆ మాట అనదు. 'పోతున్నా' అంటుంది. అనొద్దని ఊరంతా తిట్టినా ఎనిమిదేళ్ళుగా అదే మాట. దాని మీద బజారంతా జోకులు."

పుగళేంది ఒక క్షణం చూసి పకపకా నవ్వాడు. "ఇదా నీ ఆధారం? ఈ ఒక్కసారికి అనిందేమో! లేకపోతే వరదప్పన్‌కి సరిగ్గా గుర్తులేదేమో!"

"కండక్టరు మాట గుర్తుంది. చంకలో గొడుగు గుర్తుంది. ఈ కథ చాలా శ్రద్ధగా తయారుచేసుకున్నాడు. ఆమె నడక, నవ్వు, సంచి అన్నీ ఆమెవే. ఒక్క మాట ఆమెది కాదు, అతనిది. ఆమె బస్సెక్కలేదు."

"సరే, అబద్ధమే అనుకో." పుగళేంది గొంతులో నవ్వు తగ్గింది. "అయితే చంపేశాడంటావు. శవం చూపించు."

ఏకాంబరం తల అడ్డంగా ఊపాడు. "చావింటికి వెళ్ళి వచ్చేటప్పుడు ఏం చెప్పి వస్తావు?"

"ఏమీ చెప్పం. అక్కడ పోయొస్తాననకూడదుగా."

"అదే. చనిపోయిన మనిషి విషయంలో ఆ మాట మన నాలిక మీదికి రాదు. ఆమె అనే మాట అతనికి తెలుసు, అయినా అనలేకపోయాడు. 'పోతున్నా' అందని చెప్పడానికి భయమేసింది. నోటితో అంటే అది నిజమైపోతుందేమోనని భయం. పోయిన మనిషి గురించి ఆ భయం ఎవరికుంటుంది? ఆమె బతికుంది తమ్ముడూ. అతనికి తెలిసినంత వరకైనా బతికుంది. తిరిగి రావాలని కూడా అతనికుంది."

"కోర్టులో చెప్పు ఇది. జడ్జి టీ తెప్పిస్తాడు."

"కోర్టుకి కాదు. నువ్వు రా, మాట్లాడకు. అతని మొహం మాత్రం చూడు."

వాళ్ళు తిరిగి వచ్చేసరికి వరదప్పన్ కుర్చీలోనే ఉన్నాడు. ఏకాంబరం నిలబడే చెప్పాడు. "పాండిచ్చేరి నించి ఫోనొచ్చింది. ఒడ్డుకి శవం కొట్టుకొచ్చిందట. తెల్లావిడ. దొరసానే అంటున్నారు."

అబద్ధం చెప్పడం ఇంత తేలికని అతను మరిచిపోయాడు.

వరదప్పన్ మొహంలో దుఃఖం లేదు, భయం లేదు. లెక్క కుదరని మనిషి మొహంలా అయోమయం ఉంది. "అక్కడా? అక్కడికెట్లా..." అని ఆగి, "ఆమె అయ్యుండదు సార్," అన్నాడు. అనేటప్పుడు తల దక్షిణం వైపు తిరిగింది. ఆవరణ గోడ అవతల, దూరంగా, సరుగుడు తోటల వైపు. వెంటనే వెనక్కి తిప్పుకున్నాడు.

ఉలి చప్పుళ్ళు ఆగలేదు. పుగళేంది మొదటిసారి తన చొక్కా కాలరు సర్దుకోవడం మరిచిపోయాడు.

"ఎందుకు అయ్యుండదు?" అన్నాడు ఏకాంబరం మెల్లగా.

వరదప్పన్ రుమాలు బయటికి తీశాడు.

"బస్సెక్కిందన్నారు. పాండిచ్చేరిలో దిగిన మనిషి అక్కడి సముద్రంలో పడకూడదా? ఎందుకు పడకూడదు వరదప్పన్? ఎక్కడుంటే పడకూడదు?"

వరదప్పన్ రుమాలు చేతిలోనే ఉండ అయిపోయింది. "అయ్యా..." అన్నాడు. అప్పటిదాకా సార్ అన్నవాడు.

"మూతపడ్డ రొయ్యపిల్లల హేచరీ ఒకటుంది, ఆ సరుగుడు తోటల వెనక," అన్నాడు పుగళేంది హఠాత్తుగా. "సిమెంటు తొట్లు. ఉప్పునీళ్ళు." అని ఏకాంబరం వైపు చూశాడు. ఆ చూపులో ఎగతాళి లేదు, కాస్త కోపం ఉంది, తనకే ముందు తట్టనందుకు.

"నేనే లీజుకి తీసుకున్నా," అన్నాడు వరదప్పన్. ఒక్కసారి మొదలైన మాట ఇక ఆగలేదు. "తొట్లలో విగ్రహాలు చూసేసింది. ఆమె ఎనిమిదేళ్ళుగా నా ఇంట్లో మనిషిలా తిరిగింది, చెన్నైలో చెప్తానంది. బతిమాలా. వినలేదు. మోటారుగదిలో ఇంకో రెండున్నాయి, అవి కూడా చూడమన్నా. లోపలికెళ్ళింది. తలుపేశా. అంతే అయ్యా. కొట్టలేదు, ముట్టుకోలేదు. గంటలో తీద్దామనుకున్నా. ఆ సాయంత్రం తీస్తే మాట్లాడుతుంది. మర్నాడు తీస్తే ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది. రాను రాను తీయడానికి కాళ్ళు రాలేదు."

"ఫోను?"

"లోపలికి వెళ్ళేటప్పుడు సంచీ బయట పెట్టింది. ఫోను బస్సులో సీటు కింద పెట్టా."

"నీళ్ళు?"

"సంచిలోనే... సంచి బయటే ఉండిపోయింది."

"తాళంచెవి?"

"సముద్రంలో వేసేశా అయ్యా. నేనే మళ్ళీ వెళ్ళి తీస్తానేమోనని."

పుగళేంది అప్పటికే జీపు వైపు పరిగెత్తుతున్నాడు. ఏకాంబరం ఒక్క క్షణం వరదప్పన్ ముందు నిలబడ్డాడు. ఇతన్ని అసహ్యించుకోవాలి. అసహ్యం రాలేదు. రేపు తీద్దాం, రేపు తీద్దాం అనుకుంటూ గడిపిన మనిషి అతనికి ఎక్కడో, తనలోనే, బాగా తెలుసు. కానిస్టేబులుకి అతన్ని అప్పగించి జీపెక్కాడు.

హేచరీ చుట్టూ కంచె కూలిపోయింది. వరసగా తొట్లు. పచ్చటి నీళ్ళ అడుగున దేవుళ్ళు వెల్లకిలా పడుకుని ఉన్నారు. చివర మోటారుగది, రేకుల కప్పు, ఇనుప తలుపు, పిడికెడంత తాళం. తలుపు ముందు ఇసుకలో పసుపు సంచి, గొడుగు. మధ్యాహ్నపు ఎండకి రేకులు టిక్ టిక్‌మంటున్నాయి.

"జాకీ రాడ్డు తెండిరా!" పుగళేంది జీపు వైపు తిరిగి అరుస్తున్నాడు. "అన్నా, పిలువు, తలుపు కొట్టు! నిలబడ్డావేంటి?"

ఏకాంబరం చెయ్యెత్తాడు. చెయ్యి తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను ఎప్పుడూ అయిపోయాకే వచ్చాడు. బావుల దగ్గరికి, రైలు పట్టాల దగ్గరికి, దూలాల కిందికి. ఏం చెయ్యాలో అక్కడ తెలుసు. టోపీ తీసి, టైము చూసి, జనాన్ని పక్కకు జరపాలి. అవతల బతికున్న మనిషి ఉండగా తలుపు ముందు నిలబడ్డం ఎట్లాగో అతనికి రాదు. తను కొట్టనంతసేపూ ఆమె బతికే ఉంటుంది. కొట్టి, జవాబు రాకపోతే? టీకొట్టు దగ్గర అంత నమ్మకంగా చెప్పాడు. అది వరదప్పన్ నమ్మకం మాత్రమే. మొన్న తలుపేశాక వరదప్పన్ ఇటు రానేలేదు.

రాడ్డు జీపు వెనక ఎక్కడో చిక్కుకున్నట్టుంది. పుగళేంది తిట్లు వినిపిస్తున్నాయి.

తలుపు కింద వేలు దూరేంత సందు ఉంది. నీళ్ళసీసా పట్టదు. ఏకాంబరం మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పసుపు సంచిలోంచి ఆమె నీళ్ళసీసా తీశాడు. మూత కూడా విప్పని సీసా. తన రుమాలు మీద నీళ్ళు వంపాడు, అది బరువెక్కి కారేదాకా. ఒక కొస రెండు వేళ్ళతో పట్టుకుని, మిగతాదంతా సందులోంచి లోపలికి తోశాడు.

"అమ్మా," అన్నాడు. మళ్ళీ అన్నాడు.

రేకులు టిక్‌మంటున్నాయి. అలల చప్పుడు. ఇంకేమీ లేదు. మోకాళ్ళ కింద ఇసుక కాలుతోంది. అతను కదల్లేదు.

రుమాలు కొంచెం బిగిసింది. గాలేమో అనుకున్నాడు. సందులోంచి గాలి రావడం లేదు. మళ్ళీ బిగిసింది, ఈసారి కాస్త గట్టిగా, అటువైపు ఎవరో పళ్ళతో పట్టి లాగుతున్నట్టు.

ఏకాంబరం తన వేళ్ళ మధ్య ఉన్న కొసను వదిలేశాడు.